నీటి మీద ఎర్రటి సంతకం: వాన్ గో సముద్ర చిత్రంలో కుంచె పని, రంగు – ఒక కేస్ స్టడీ

పరిశీలనకు తీసుకున్న చిత్రం

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో సుమారు 51 సెంటీమీటర్ల ఎత్తు, 64 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక సముద్ర చిత్రం ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో మధ్యధరా సముద్రపు ఒడ్డున లె సాంత్-మరీ-ద-లా-మేర్ అనే జాలరి పల్లె ఉంది. విన్సెంట్ వాన్ గో 1888 మే నెలాఖరులో ఆ పల్లెకు వెళ్లి, జూన్ మొదటి రోజుల వరకు అక్కడ గడిపినప్పుడు వేసిన చిత్రం ఇది. కాన్వాస్‌లో సగానికి పైగా నీళ్లే కనిపిస్తాయి. పైన తెల్లని మబ్బులు కలిసిన లేత నీలి ఆకాశం, దూరంగా తెరచాపలెత్తిన పడవలు, ముందు భాగంలో ఎగిసిపడే కెరటాలు, ఆ కెరటాల మీదే ఎర్రటి అక్షరాల్లో ‘విన్సెంట్’ అన్న సంతకం. కథ చెప్పే వస్తువేదీ ఇందులో లేదు. మునిగిపోతున్న ఓడ లేదు, ఒడ్డున నిలబడి ఎదురుచూస్తున్న మనిషి లేడు. కాబట్టి ఈ చిత్రం మనలో ఏ స్పందన కలిగించినా అది రంగు వల్లా, ఆ రంగును పెట్టిన తీరు వల్లా కలగవలసిందే. దీన్ని అధ్యయనానికి ఎంచుకోవడానికి కారణం కూడా అదే.

నేను తైలవర్ణాల్లో పనిచేస్తాను, విశాఖపట్నంలో పెద్దవాళ్లకు చిత్రలేఖనం నేర్పుతాను. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన నా విద్యార్థులు ఈ చిత్రం చూడగానే ఉత్సాహపడతారు. అయితే ఏం చూశారో చెప్పమన్నప్పుడు వాళ్ల మాటలన్నీ చిత్రకారుడి మనసు చుట్టూ తిరుగుతాయి: ఆవేశం, అశాంతి, ఒంటరితనం. చిత్రంలో ఫలానా చోటును వేలితో చూపించి, ఇక్కడ రంగు ఇలా ఉంది కాబట్టి నాకు ఇలా అనిపించింది అని చెప్పగలిగినవాళ్లు అరుదు. ఆ లోటు పూరించాలన్న ఉద్దేశంతో ఈ అధ్యయనం చేశాను. అసలు చిత్రం ఎదుట నిలబడి రాసుకున్న గమనికలు, మ్యూజియం అందరికీ అందుబాటులో ఉంచిన పెద్ద ఛాయాచిత్రం, వాన్ గో తన తమ్ముడు తియోకు రాసిన ఉత్తరాలు, ముందు భాగంలోని కెరటాలను నా స్టూడియోలో తైలవర్ణాలతో తిరిగి వేసి చూసిన అభ్యాసాలు దీనికి ఆధారాలు.

ఈ పని చేస్తున్నకొద్దీ నాకు రూఢి అయిన విషయం ఒకటుంది. ఈ చిత్రంలో భావం అనిపించేదంతా నీటిని గురించిన కచ్చితమైన గమనిక నుంచి పుట్టింది. ప్రతి స్ట్రోక్‌కూ (కాన్వాస్ మీద ఒక్కసారి పెట్టి ఎత్తిన రంగు గీతకూ) ఒక దిశ, ఒక మందం, ఒక పనిముట్టు ఉన్నాయి. ఆ మూడూ కెరటంలో ఆ చోట ఏం జరుగుతోందో దాన్నిబట్టి నిర్ణయమయ్యాయి. ఇది చూడగలిగినవారికి చిత్రం ఇచ్చే ఆనందం తగ్గదు సరికదా, ఎన్నో రెట్లు పెరుగుతుంది.

జీవితకథ అడ్డుపడే తీరు

వాన్ గో పేరు వినగానే చెవి కోసుకున్న సంఘటన గుర్తుకు రావడం సహజం. ఆ సంఘటన జరిగింది 1888 డిసెంబర్ 23న, అంటే ఈ చిత్రం వేసిన ఆరు నెలల తర్వాత. జూన్ నాటి ఉత్తరాల్లో మనకు కనిపించేది పని మీద ధ్యాస తప్ప మరొకటి లేని వృత్తి చిత్రకారుడు. సాంత్-మరీ నుంచి తాను నివసిస్తున్న ఆర్ల్ పట్టణానికి తిరిగి వచ్చేటప్పుడు అక్కడ వేసిన మూడు చిత్రాలను ఆయన వెంట తెచ్చుకోలేదు. రంగు ఇంకా ఆరలేదని, ఐదు గంటల బండి ప్రయాణపు కుదుపులకు అవి తట్టుకోలేవని వాటిని అక్కడే వదిలి వచ్చినట్టు తియోకు రాశాడు. తైలవర్ణాన్ని మందంగా వాడేవారందరికీ ఈ ఇబ్బంది తెలుసు. పైపొర తోలు కట్టినట్టు కనిపించినా లోపలి రంగు వారాల తరబడి మెత్తగానే ఉంటుంది, చిన్న రాపిడి తగిలినా కుంచె లేపిన రంగు గట్లు చదునవుతాయి. తన చిత్రాల్లో రంగు ఎంత మందంగా ఉందో, ఆ గట్లు చెదిరితే ఏం పోతుందో లెక్కగా ఎరిగిన మనిషి రాసిన మాటలివి.

అదే ఏడాది ఏప్రిల్‌లో తియోకు పంపిన రంగుల జాబితా కూడా ఇక్కడ పనికొస్తుంది. అందులో సిల్వర్ వైట్ పెద్ద ట్యూబులు 20, జింక్ వైట్ 10, వెరోనీజ్ గ్రీన్ 15 అడిగాడు. ప్రష్యన్ బ్లూ చిన్న ట్యూబులు 4 మాత్రమే. తెలుపు అంత ఎక్కువగా అడగడంలో అర్థముంది. సిల్వర్ వైట్ అంటే సీసం నుంచి తయారయ్యే తెలుపు. అది గట్టిగా, జిగటగా ఉండి, కుంచె ఎత్తిన చోట గట్టు కట్టి నిలబడుతుంది. జింక్ తెలుపు దానికంటే చల్లని ఛాయ ఇస్తుంది గానీ నెమ్మదిగా ఆరుతుంది. మరోవైపు ప్రష్యన్ బ్లూ ఎంత ఘాటైన రంగంటే, గోరు మొన మీద పట్టేంత చాలు, ముద్దంత తెలుపును నీలం చేసేస్తుంది. ట్యూబుల లెక్కలోనే ఆయన పని తీరు సగం తెలిసిపోతుంది.

కెరటం మీద కుంచె, కత్తి

మ్యూజియంలో ఈ చిత్రాన్ని మొదట నాలుగైదు అడుగుల దూరం నుంచి చూడాలి. అప్పుడు అది సముద్రం. తర్వాత కాపలావాళ్లు అభ్యంతరం చెప్పనంత దగ్గరికి వెళ్లాలి. అప్పుడది రంగు ముద్ద. ఆ రెండు స్థితుల మధ్య ఎక్కడో, నాకైతే సుమారు రెండు అడుగుల దూరంలో, రెండూ ఒకేసారి కనిపించే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ నిలబడి అటూ ఇటూ కొద్దిగా జరుగుతూ చూసినప్పుడే కుంచె పని బోధపడుతుంది, ఎందుకంటే ఈ చిత్రం పైభాగం చదునుగా లేదు. గట్ల మీద పడే వెలుగు మనం జరిగినప్పుడల్లా మారుతుంది. అచ్చు పుస్తకంలో పోయేది ముఖ్యంగా ఇదే.

నీలం, తెలుపు రంగులను వాన్ గో కుంచెతో ధారాళంగా లాగాడు. కెరటాల్లోని ఆకుపచ్చ, పసుపు రంగులను మాత్రం పాలెట్ నైఫ్‌తో, అంటే రంగులు కలిపే పలుచని కత్తితో, పెట్టాడు. మ్యూజియం నిపుణులు గుర్తించిన విషయమిది, దగ్గరి నుంచి చూస్తే మామూలు కంటికీ తేడా తెలుస్తుంది. కుంచె వెళ్లిన చోట వెంట్రుకల దారులు సన్నని చాళ్లుగా మిగిలాయి. కత్తి వెళ్లిన చోట రంగు నున్నగా, అంచుల్లో మాత్రం చిన్న పెదవిలా పైకి లేచి ఉంది. ఆ తేడాకు కారణం కెరటంలోనే ఉంది.

కెరటం లేచినప్పుడు ఒకే నీరు మనకు రెండు మూడు విధాలుగా కనిపిస్తుంది. మనకు దూరంగా వాలిన భాగం, రెండు కెరటాల మధ్య పరుచుకున్న భాగం ఆకాశాన్ని ప్రతిఫలిస్తాయి కాబట్టి నీలంగా ఉంటాయి. మనవైపు నిలువుగా లేచిన ముఖం మాత్రం అద్దంలా పనిచేయదు, అక్కడ మన చూపు నీటి లోపలికి వెళుతుంది. శిఖరం దగ్గర నీటి పొర పలచబడుతుంది కాబట్టి వెనుక నుంచి వచ్చే వెలుగు దానిగుండా వడకట్టుకుని బయటపడుతుంది. విరగబోయే కెరటం పైభాగాన ఒక్క క్షణం మెరిసే లేత ఆకుపచ్చ అదే. రుషికొండ ఒడ్డున ఉదయంపూట నిలబడి చూసినా ఆ ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇప్పుడు వాన్ గో ఎదుట ఉన్న సమస్యను ఆలోచించండి. ప్రతిఫలించే వెలుగును, నీటిలోంచి దూసుకొచ్చే వెలుగును ఒకే కాన్వాస్ మీద వేరువేరుగా చూపాలి. రంగు తేడా ఒక్కటే చాలదు. కుంచె చాళ్లు వెలుగును చిందరవందరగా వెదజల్లుతాయి, కత్తి వదిలిన నున్నటి తలం వెలుగును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది. అందువల్ల ఆకుపచ్చ, పసుపు మచ్చలు తమ చుట్టూ ఉన్న నీలం కంటే తడిగా, లోపలి నుంచి వెలిగినట్టుగా కనిపిస్తాయి. నీటిలో ఉన్న తేడాకు సరిపోయే తేడాను ఆయన రంగు పదార్థంలోనే కల్పించాడు. ఈ చిత్రంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న నిర్ణయం ఇది.

స్ట్రోకుల కొలత కూడా గమనించదగ్గది. ముందు భాగంలో అవి పొడుగ్గా, వంపు తిరిగి, ఒకదాన్నొకటి కోస్తూ ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ పొట్టివై, పడుకుని, దిగంతం దగ్గర దాదాపు అడ్డగీతలైపోతాయి. పడవలను మూసేసి చూసినా దూరం తెలుస్తుంది, ఎందుకంటే ఇక్కడ దూరాన్ని కొలిచి చెప్పేది పడవల సైజు కంటే స్ట్రోకుల సైజే. ఆకాశంలోని కుంచె పని నీళ్లతో పోలిస్తే నెమ్మదైనది. రెండిటినీ ఒకే ఉద్ధృతితో వేసి ఉంటే సముద్రపు కదలికకు ఆనిక దొరికేది కాదు. మా తరగతిలో సముద్రం వేసేటప్పుడు చాలామంది చేసే పని ఇందుకు సరిగ్గా విరుద్ధం. ఆకాశంలో మబ్బుల మీద ఎంతో సేపు గడిపి, నీళ్లను ఒకే కుంచెతో, ఒకే కొలతలో, దువ్వెనతో దువ్వినట్టు అడ్డంగా లాగేస్తారు.

రంగు పొరల్లో ఇసుక రేణువులు దొరికాయి. చిత్రంలో కనీసం కొంత భాగమైనా ఒడ్డునే కూర్చుని వేశాడనడానికి అది భౌతికమైన సాక్ష్యం. గాలిలో, ఇసుకలో, కాళ్ల దగ్గరికి నీళ్లు వస్తుండగా వేసే మనిషికి ఒక స్ట్రోక్‌ను దిద్దుకునే తీరిక ఉండదు. పెట్టిన రంగును అక్కడే వదిలి తర్వాతి దాని దగ్గరికి వెళ్లాలి. ఈ చిత్రంలో రంగులు తడి మీద తడిగా పడినా బురద కాకపోవడానికి ఆ నియమమే కారణమని నేను అనుకుంటున్నాను. తడి నీలం మీద తెలుపును ఒక్కసారి లాగి ఎత్తేస్తే నురగ అవుతుంది, అదే చోట రెండోసారి రుద్దితే బూడిద రంగు పేస్టు మిగులుతుంది.

నీటి రంగు ఏది

మధ్యధరా సముద్రపు రంగు గురించి వాన్ గో తియోకు రాసిన వర్ణన ప్రసిద్ధమైనది. ఆ నీటికి మాకెరెల్ చేప రంగు ఉందని, అంటే అది ఎప్పుడూ మారుతూనే ఉంటుందని, పచ్చగా ఉందో ఊదాగా ఉందో తేల్చుకోలేమని, నీలమే అనుకుందామంటే మరుక్షణం ఆ ప్రతిబింబం గులాబీకో బూడిద రంగుకో తిరుగుతుందని రాశాడు. విశాఖ చేపల రేవులో వలలోంచి అప్పుడే తీసిన కానాగంతను చూసినవారికి ఈ మాట ప్రత్యేకంగా విడమరచి చెప్పనవసరం లేదు. చేపను ఎండలో కొద్దిగా తిప్పితే వీపు మీది నీలం ఆకుపచ్చలోకి జారుతుంది, పక్కల వెండి రంగులో గులాబీ జీర ఒకటి వచ్చి పోతుంది. చేప మాత్రం మారలేదు. చూసే కోణం మారింది. నీటి విషయంలో మనం కదలనక్కరలేదు, నీరే తన కోణాన్ని మార్చుకుంటూ ఉంటుంది.

ఈ గమనిక నుంచి చిత్రకారుడికి ఒక ఆచరణాత్మకమైన నిర్ణయం వస్తుంది. సముద్రానికి సొంత రంగంటూ ఒకటి లేకపోతే, పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద సముద్రపు రంగును ముందే కలిపి పెట్టుకోవడం కుదరదు. నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులను విడివిడిగా ఉంచి, కాన్వాస్ మీద పక్కపక్కన పెట్టి, వాటి పొందికను చూసేవాడి కంటికి వదిలిపెట్టాలి. క్షణక్షణం మారే వెలుగును విడి రంగులతో పట్టుకోవాలని చూసిన ఫ్రెంచి చిత్రకారులు, ఇంప్రెషనిస్టులు, అప్పటికే ఈ దారి వేశారు. కానీ వారిలో క్లోద్ మోనే వంటివారు చిన్న చిన్న స్ట్రోకులతో రంగులను దాదాపు అల్లినట్టు కలిపేవారు. వాన్ గో వాటిని పెద్దవి చేసి, ఒక్కొక్కటీ విడిగా చదువుకోగలిగేలా ఉంచాడు. ఈ సముద్రాన్ని చూశాక దక్షిణ దేశంలోనే ఉండిపోవడం ఎంత ముఖ్యమో, రంగును ఇంకా అతిశయంగా ఎందుకు వాడాలో తనకు తెలిసివచ్చిందని ఆయన తమ్ముడికి రాశాడు. అక్కడ కొంతకాలం ఉంటే చూపే మారిపోతుందని, జపానువాళ్ల కన్నుతో చూడడం అలవాటవుతుందని కూడా రాశాడు. జపాను చెక్క అచ్చు చిత్రాలను ఆయన ప్యారిస్‌లో ఉన్నప్పుడు ఇష్టంగా సేకరించాడు. వాటిలో చదునైన రంగు పక్కన చదునైన రంగు ఎలాంటి జంకూ లేకుండా నిలబడుతుంది. ఆ ధైర్యం ఈ కెరటాల్లో ఉంది.

ఇక ఆ ఎర్రటి సంతకం. దాన్ని మొదటిసారి చూసినప్పుడు చాలామందికి చిత్రం మీద అనవసరంగా దిగిన ముద్రలా అనిపిస్తుంది. అంత పెద్దగా, అంత ఎర్రగా, నీటి మీద ఎందుకు రాయాలి? సమాధానం ఆయనే చెప్పాడు. ఆకుపచ్చలో ఒక ఎర్రటి స్వరం కావాలని అలా రాశాడట. రంగుల చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ ఎదురెదురు రంగులు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ 1839లో ప్రకటించిన నియమం ప్రకారం, ఎదురు రంగులు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి రెండోదాని గాఢతను పెంచుతుంది. వాన్ గో ఈ సూత్రాన్ని ఫ్రెంచి చిత్రకారుడు దెలక్రువా చిత్రాల గురించిన చర్చల ద్వారా హాలండ్‌లో ఉన్నప్పుడే ఒంటబట్టించుకున్నాడు.

ఇది నిజంగా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తరగతిలో ఈ చిత్రపు మంచి ప్రింటు ఒకటి గోడకు తగిలించి, సంతకం ఉన్న చోటును దాని చుట్టూ ఉన్న నీలి-ఆకుపచ్చ రంగు పూసిన చిన్న కాగితంతో కప్పాను. విద్యార్థులను కాసేపు చూడమని, తర్వాత కాగితం తీసి మళ్లీ చూడమన్నాను. కాగితం తీయగానే నీటిలోని ఆకుపచ్చ ముందుకు వచ్చినట్టయిందని ఎక్కువమంది అన్నారు. ఒక విద్యార్థిని చెప్పిన మాట నాకు మరింత విలువైనదిగా తోచింది. సంతకం కప్పి ఉన్నప్పుడు తాను కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నట్టు అనిపించిందని, తీయగానే కాన్వాస్‌ను చూస్తున్నట్టు అనిపించిందని ఆమె అన్నది. అక్షరాలు నీటి వాలును అనుసరించి వెనక్కి వెళ్లవు, చిత్రం ఉపరితలం మీదే నిలబడతాయి. అందువల్ల ఇది నీరు, అదే సమయంలో ఇది రంగు అన్న రెండు ఎరుకలూ చూసేవారిలో ఒకేసారి మెలకువగా ఉంటాయి. రంగు కోసం పెట్టిన ఎరుపు ఇలా స్థలం గురించి కూడా పనిచేస్తోంది.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వాన్ గో వాడిన జెరానియం లేక్ వంటి కొన్ని ఎరుపులు వెలుగుకు వెలిసిపోయే రకం. ఆర్ల్‌లోని తన పడకగది చిత్రంలో గోడలు లేత ఊదా రంగు అని ఉత్తరంలో రాశాడు, ఇప్పుడు అవి నీలంగా కనిపిస్తున్నాయి. కొత్త రంగులు నిలవవని ఆయనకు తెలుసు. కాలం ఎలాగూ మెత్తబరుస్తుంది కాబట్టి వాటిని మొదటే ఘాటుగా వాడాలని వాదించాడు కూడా. ఈ కారణం చేత సముద్రంలోని గులాబీ, ఊదా ఛాయల మీద ఆధారపడే నిర్ధారణ ఏదీ ఈ అధ్యయనంలో చేయలేదు. నీలం, ఆకుపచ్చ, తెలుపు, సంతకపు ఎరుపు మీదే నా మాటలన్నీ నిలబెట్టాను.

తిరిగి వేసి చూసినప్పుడు తెలిసినవి

నకలు వేయడం అంటే చిత్రాన్ని దొంగిలించడం అని కొందరు విద్యార్థులు సంకోచిస్తారు. నా దృష్టిలో చేయి పెట్టకుండా కుంచె పనిని పూర్తిగా చదవడం సాధ్యం కాదు. ముందు భాగంలో అరచేతి వెడల్పున్న ఒక ముక్కను, అసలు కొలతలోనే, కాన్వాస్ మీద తీసుకున్నాను. వాన్ గో జాబితాలోని వెరోనీజ్ గ్రీన్ రాగి, ఆర్సెనిక్ కలిసిన విషపు రంగు, ఇప్పుడు వాడరు. దాని బదులు విరిడియన్ అనే చల్లని ఆకుపచ్చలో తెలుపు, కొద్దిగా నిమ్మ పసుపు కలిపాను. సీసపు తెలుపుకు బదులు టైటానియం వైట్ వాడాను. టైటానియం మరీ వెన్నలా జారుతుంది కాబట్టి రంగును ముందు రాత్రి బ్లాటింగ్ కాగితం మీద పరిచి, అందులోని నూనె కొంత లాగించేశాను. అలా చేశాక గట్టు నిలిచింది.

కుంచెతో నీలం వేసేటప్పుడు వేగం సహాయం చేసింది. కత్తి దగ్గరికి వచ్చేసరికి వేగం పనికిరాలేదు. కత్తి అంచున ఆకుపచ్చను, దాని పక్కనే పసుపును కలపకుండా తీసుకుని, కాన్వాస్ మీద ఆనించి, మణికట్టును కొంచెం వాల్చి లాగితే రెండు రంగులూ పాలరాతి చారల్లా కలిసీ కలవకుండా దిగుతాయి. ఒత్తిడి ఎక్కువైతే కింది నీలం పైకి వచ్చి పసుపును మింగేస్తుంది. తక్కువైతే కత్తి మీది రంగు కత్తి మీదే ఉండిపోతుంది. సరైన ఒత్తిడి చేతికి తెలిసేదాకా ఆ చోటును గీకి మళ్లీ మళ్లీ వేయవలసి వచ్చింది. బయటి నుంచి ఆవేశంగా కనిపించే ఈ భాగమే చిత్రంలో అత్యంత నిదానమైన భాగం అయి ఉండాలని నా చేయి చెప్పింది. వేగంగా లాగిన నీలం పక్కన నిలిపి పెట్టిన ఆకుపచ్చ ఉండడం వల్లే కెరటానికి ఆ ఊపు వచ్చింది. అన్నీ ఒకే వేగంతో వేసిన నా ముక్కల్లో ఆ ఊపు లేదు, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మరొక విషయం తెల్లని నురగ గురించి. నురగను తెలుపు ట్యూబులోంచి నేరుగా తీసి పెడితే సున్నం చల్లినట్టు ఉంటుంది. తడి నీలం మీదుగా తెలుపు కుంచెను లాగినప్పుడు మొదట్లో తెల్లగా ఉన్న స్ట్రోక్, కింది రంగును ఎత్తుకుంటూ చివరికి లేత నీలమవుతుంది. ఒకే స్ట్రోక్‌లో నురగ పుట్టి నీటిలో కలిసిపోతుంది. కాబట్టి స్ట్రోక్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు లాగాలి అన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు, నురగ ఎటు జారుతోంది అన్న ప్రశ్న.

ఆరేళ్ల ముందరి మరో సముద్రం

ఈ నేర్పు ఆయనకు ఎలా వచ్చిందో చూడడానికి అదే మ్యూజియంలో ఉన్న చిన్న చిత్రం ఒకటి ఉపకరిస్తుంది. 1882 ఆగస్టులో హేగ్ నగరం పక్కన స్కెవెనింగన్ తీరంలో, తైలవర్ణాలు చేపట్టిన తొలి రోజుల్లో, హోరుగాలిలో వేసిన సముద్రం అది. నిలబడడమే కష్టమైన గాలిలో కాన్వాస్ మీద మందంగా ఇసుక పట్టి, రంగును రెండుసార్లు గీకేయవలసి వచ్చిందని, ఇసుక దిబ్బల వెనుక ఉన్న చిన్న సత్రంలోకి వెళ్లి తిరిగి వేస్తూ, మధ్యమధ్య బయటికి వచ్చి సముద్రాన్ని చూసి వెళ్లానని తియోకు రాశాడు. ఇసుక ఇప్పటికీ ఆ రంగులో ఉంది. 2002లో దొంగతనానికి గురై 2016లో ఇటలీలో దొరికిన చిత్రం ఇదే.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మందమైన రంగు, గాలి, ఇసుక రెండింటిలోనూ ఉన్నాయి. స్కెవెనింగన్‌లో రంగంతా బూడిద, గోధుమ ఛాయల చుట్టూ తిరుగుతుంది, తుఫాను వాతావరణాన్ని ప్రధానంగా వెలుగునీడలు మోస్తాయి. సాంత్-మరీలో ఆ భారాన్ని రంగుల మధ్య ఎదురుబొదురు సంబంధం మోస్తుంది, వెలుగునీడల తేడా చాలా తక్కువ. ప్రింటును నలుపు-తెలుపులోకి మార్చి చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది. మొదటి చిత్రం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. రెండోదానిలో కెరటపు ఆకుపచ్చ, నీలం దాదాపు ఒకే బూడిద రంగులోకి కుంగిపోతాయి, సంతకం నీటిలో కలిసిపోతుంది. మధ్యలో గడిచిన ఆరేళ్లలో ఆయన ప్యారిస్‌లో నేర్చుకున్నదేమిటో ఇంతకంటే సూటిగా చూపే పద్ధతి నాకు తెలియదు.

రంగు లేని కెరటం

నలుపు-తెలుపు పరీక్షలో రంగు పోయినా ఒకటి మాత్రం పోలేదు, అది స్ట్రోకుల దిశ. దాన్ని వాన్ గో విడిగానే ఆలోచించాడనడానికి ఆధారం ఆయన గీసిన బొమ్మల్లో ఉంది. సాంత్-మరీలో వేకువనే వేటకు వెళ్లిపోయే పడవలను ఆయన ఒడ్డున ఉండగానే కలంతో గీసి, ఏ భాగం ఏ రంగో అందులోనే రాసుకుని, ఆర్ల్‌కు వచ్చాక ఆ కాగితం ఆధారంగా తైలవర్ణ చిత్రం వేశాడు. ఆ వేసవిలోనే తన చిత్రాల నమూనాలను ఫ్రెంచి చిత్రకారుడైన స్నేహితుడు ఎమిల్ బెర్నార్‌కు, ఆస్ట్రేలియా చిత్రకారుడు జాన్ రస్సెల్‌కు రెల్లు కలంతో గీసి పంపాడు. వాటిలో సాంత్-మరీ సముద్రం మీది పడవలూ ఉన్నాయి. ఆర్ల్ పరిసరాల్లో దొరికే రెల్లు హాలండ్ రెల్లు కంటే కలానికి బాగా పనికొస్తుందని ఆయనకు తెలుసు. ఆ బొమ్మల్లో నీళ్లు వంపు గీతలుగా, చుక్కలుగా, పొట్టి అడ్డగీతలుగా విడిపోయి ఉంటాయి. దగ్గర పొడుగు వంపులు, దూరాన పొట్టి గీతలు. తైలవర్ణంలో చూసిన క్రమమే ఇది, రంగు మాత్రం లేదు.

ఈ అధ్యయనం తర్వాత మా తరగతిలో సముద్రం నేర్పే వరుసను మార్చాను. కొత్తగా వచ్చినవారికి మొదట రంగులు ఇవ్వడం లేదు. ఏటవాలుగా చెక్కిన వెదురు కలం, నల్ల సిరా, కాగితాలు తీసుకుని భీమిలి ఒడ్డుకు వెళతాం. అక్కడ ఒక్కో కెరటం విరిగేలోగా దాని వాలును ఒకటి రెండు గీతల్లో పట్టుకోవాలి, దిగంతం దగ్గరికి వెళ్లేకొద్దీ గీత పొట్టి కావాలి, ఒకసారి గీసిన గీత మీద మళ్లీ గీయకూడదు. ఈ అభ్యాసం చేతికి పట్టాకే కాన్వాస్ మీద నీలం, తెలుపు కుంచెతో వేయిస్తాను. ఆకుపచ్చకు కత్తి ఇవ్వడం ఆ తర్వాతి మాట. ఎరుపును మాత్రం ఎక్కడ పెట్టాలో నేను చెప్పను. పడవ అంచుకో, తెరచాప మీది అతుకుకో, మరెక్కడికో, ఎవరి చిత్రంలో ఆకుపచ్చ ఎక్కడ దాన్ని అడుగుతోందో వాళ్లే చూసుకుని పెట్టాలి. పెట్టాక, సంతకం మీద కప్పిన కాగితం లాంటిదే ఒక ముక్క చేతికిచ్చి, ఆ ఎరుపును కప్పి, తీసి చూసుకోమంటాను.